మాట ముందు, ధాతువు తరవాత

హైదరాబాదు అయినా కర్నూలు అయినా గుంటూరు అయినా, ముస్లిం ఇళ్లలో పిల్లల అరబ్బీ చదువు దాదాపు ఒకే బాటలో నడుస్తుంది. పాత కుటుంబాల్లో నాలుగేళ్ల నాలుగు నెలల నాలుగు రోజులకు బిస్మిల్లా, అంటే అక్షరాభ్యాసం, చేయిస్తారు. తరవాత నూరానీ ఖాయిదా అనే వాచకం పట్టిస్తారు. అక్షరాలు, జేర్ జబర్ పేష్ అనే అచ్చు గుర్తులు, ఆపైన ఖుర్ఆన్ చివరి భాగమైన అమ్మపారా, ఆపైన నాజరా, అంటే చూసి చదివే ఖుర్ఆన్. పదేళ్లకో పన్నెండేళ్లకో పిల్ల ముప్ఫై పారాలూ పూర్తి చేస్తుంది, ఇంట్లో మిఠాయి పంచుతారు. చదివినదాంట్లో ఒక్క వాక్యానికి అర్థం చెప్పమంటే? ఆ మాట ఎవరూ అడగరు కాబట్టి ఇబ్బంది లేదు.

ఇప్పుడు అడిగేవాళ్లు పెరిగారు. అడుగుతున్నది ఉస్తాదులు కాదు, తల్లులు. ఇంగ్లీషు మీడియంలో చదివి, ఉద్యోగాలు చేస్తూ, రాత్రి భోజనాలయ్యాక పిల్లల్ని కూర్చోబెట్టుకునే తల్లులు. వాళ్ల చేతికి తేలిగ్గా అందిన ఉపాయం ధాతువులు, మదర్సా పరిభాషలో మాద్దాలు. మూడక్షరాలు నేర్పితే ముప్ఫై మాటలు వస్తాయన్నది దీని ఆకర్షణ. అట్టముక్కల మీద ధాతువులు రాసే ఇళ్లున్నాయి, ఫోన్లో యాప్‌లున్నాయి, ఆన్‌లైన్ క్లాసులున్నాయి. ఈ పద్ధతుల్లో ఏది ఎంతవరకు పనిచేస్తుంది, ఎక్కడ చెయ్యిస్తుంది అన్నది ఒకసారి కలిపి చూడాల్సిన సంగతి.

ముందు ధాతువు సంగతి. సంస్కృతం కాస్త తెలిసిన తెలుగువాడికి ఇది కొత్త కాదు. కృ నుంచి కర్త, కర్మ, క్రియ, కార్యం, కారణం వచ్చినట్టే అరబ్బీలో క-త-బ నుంచి కితాబ్, కాతిబ్, మక్తూబ్, మక్తబ్ వస్తాయి. తేడా ఒకటుంది. సంస్కృతంలో ధాతువుకు ముందు ఉపసర్గలు, వెనక ప్రత్యయాలు తగులుతాయి, మధ్యలో అచ్చు కొద్దిగా మారుతుంది. అరబ్బీలో మూడు హల్లులు స్థిరంగా నిలబడితే వాటి నడుమ అచ్చులు మొత్తంగా మారిపోతాయి. ఆ అచ్చుల అమరికకు వజన్ అని పేరు. చేసినవాడికి ఫాఇల్ అన్న వజన్, చేయబడినదానికి మఫ్ఊల్ అన్న వజన్, చేసే చోటుకు మఫ్అల్. కాబట్టి అరబ్బీ మాట రెండు ముక్కల కలయిక: ధాతువూ, వజనూ. ఇంట్లో నేర్పేవాళ్లు చాలామంది మొదటిదాన్ని పట్టుకుని రెండోదాన్ని వదిలేస్తారు. ఖ-త-ల అంటే చంపడం. ఖాతిల్ అంటే చంపినవాడు, మఖ్తూల్ అంటే చంపబడ్డవాడు. ధాతువొక్కటే వచ్చిన పిల్లకు హత్య జరిగిందని తెలుస్తుంది గానీ హంతకుడెవరో తెలియదు.

ధాతువుల క్రమం ఎవరు, ఎవరికోసం కట్టారన్నది కూడా గుర్తుంచుకోవాలి. 8వ శతాబ్దంలో బస్రాలో ఖలీల్ ఇబ్న్ అహ్మద్ తొలి అరబ్బీ నిఘంటువు ‘కితాబుల్ ఐన్’ మొదలుపెట్టినప్పుడు అక్షరాలను గొంతు లోపలినుంచి పెదవుల దాకా పలికే చోటును బట్టి పేర్చాడు. మూడక్షరాలను ఆరు రకాలుగా తారుమారు చేసి, వాటిలో అరబ్బులు వాడేవి ఏవి, వాడనివి ఏవి అని లెక్క తీశాడు. తరవాత ఇబ్న్ దురైద్ ‘జమ్హరా’ రాశాడు. ఆ గ్రంథం అచ్చయింది మన హైదరాబాదులోనే, 1888లో పుట్టిన దాయిరతుల్ మఆరిఫ్‌లో. ఇంకా తరవాత రాగిబ్ ఇస్ఫహానీ ఖుర్ఆన్ మాటలకే ప్రత్యేకంగా ధాతు నిఘంటువు రాశాడు. వీళ్లంతా భాష వచ్చినవాళ్లు, భాష వచ్చినవాళ్ల కోసం రాసినవాళ్లు. వేలకొద్దీ మాటలు నోట్లో ఆడుతున్నాక వాటి చుట్టరికాలు వెతికారు. మాట ఒక్కటీ తెలియని ఆరేళ్ల పిల్లకు అదే క్రమాన్ని తలకిందులు చేసి, ముందు ధాతువు, తరవాత మాటలు అని పెట్టడంలోనే చిక్కంతా ఉంది.

మన మదర్సాల సర్ఫ్ చదువు, అంటే పదరూపాల వ్యాకరణం, ఈ తలకిందుల క్రమాన్నే శతాబ్దాలుగా నడిపింది. పుస్తకాల వరస ఇది: ‘మీజాన్’, ‘మున్‌షఇబ్’, ‘పంజ్ గంజ్’, ఆ తరవాత ‘ఇల్ముస్సీగా’. ఈ చివరిదాన్ని 1857 తిరుగుబాటు తరవాత అండమానుకు పంపిన ముఫ్తీ ఇనాయత్ అహ్మద్ కాకోర్వీ అక్కడి జైలుజీవితంలో పారశీకంలో రాశాడు. దాన్ని నేటికీ చదువుతున్నారంటే ఆయన పట్టు ఎంతటిదో ఊహించుకోవచ్చు. ఈ దారిలో ఒక క్రియకు పద్నాలుగు సీగాలు, అంటే రూపాలు, వాటిని గర్దాన్ చేయడం, అంటే గడగడా వల్లించడం. మాదిరి క్రియ చాలాచోట్ల ‘జరబ’, కొట్టాడు. పిల్లవాడు నేర్చుకునే మొదటి క్రియ అదే కావడం, అదీ బెత్తం నీడలో కావడం గురించి మదర్సా పిల్లల జోకులు చాలా ఉన్నాయి. జోకులు పక్కనపెడితే, గర్దాన్ బాగా వచ్చిన పిల్లవాడికి ఏ రూపం చూపించినా ధాతువు పట్టుబడుతుంది. ఇంత కచ్చితమైన పట్టు ఇంకే పద్ధతీ ఇవ్వదు. కానీ దానికి రోజుకు గంటలు కావాలి, ఎదురుగా ఉస్తాదు కావాలి, అన్నిటికన్నా ముఖ్యంగా అర్థం కోసం రెండేళ్లు ఆగే ఓపిక కావాలి. హోంవర్కూ ట్యూషనూ అయ్యాక మిగిలే పదిహేను నిమిషాల్లో ఇది ఇమడదు.

ఆ పదిహేను నిమిషాలకు సరిపడా పద్ధతి వచ్చింది హైదరాబాదు నుంచే. డాక్టర్ అబ్దుల్ అజీజ్ అబ్దుర్ రహీం నడిపే అండర్‌స్టాండ్ ఖుర్ఆన్ అకాడమీ ధాతువును కాదు, వాడుకను లెక్కలోకి తీసుకుంది. ఖుర్ఆన్‌లో సుమారు 77 వేల మాటలుంటే, తరచు వచ్చే 125 మాటలే వాటిలో సగానికి పైగా ఉన్నాయన్నది వాళ్ల లెక్క. అందుకని రోజూ నమాజులో చదివే సూరాలు, దువాలతోనే మొదలుపెడతారు. వ్యాకరణాన్ని చేతివేళ్లలో పెట్టారు. కుడిచేతి చూపుడువేలు కుడివైపు చూపితే ‘హువ’, అతడు. నాలుగు వేళ్లు చూపితే ‘హుమ్’, వాళ్లు. వేలు ఎదటికి చూపితే ‘అంత’, నువ్వు. తనవైపు చూపుకుంటే ‘అన’, నేను. ఏడేళ్ల పిల్లలు కూడా ఇది ఆటలాగా చేస్తారు. గర్దాన్ చేసే పనే ఇదీ చేస్తుంది, బెత్తం లేకుండా.

ఆ అంకెలను మాత్రం కాస్త విప్పి చూడాలి. తరచు వచ్చే మాటల్లో ముందుండేవి ‘మిన్’, ‘ఫీ’, ‘మా’, ‘లా’, ‘ఇన్న’ లాంటివి. ఒక్క ‘మిన్’ మూడువేల సార్లకు పైగా వస్తుంది. వాక్యానికి ఇవి కావాలి, కాదనను. అయితే సగం మాటలు తెలియడమూ సగం అర్థం తెలియడమూ ఒకటి కాదు. పరాయిభాషలో చదివింది సొంతంగా అర్థం కావాలంటే కనీసం 95 శాతం, నిజానికి 98 శాతం మాటలు తెలియాలని ఇంగ్లీషు నేర్చుకునేవాళ్ల మీద జరిగిన పరిశోధనలు తేల్చాయి. 80 శాతం తెలిస్తే ప్రతి అయిదో మాటా చీకటే. ఇరవై తొమ్మిది మాటల ఫాతిహా సూరాలో ఆరు మాటలు తెలియనట్టు. ఆ ఆరూ తరచుగా వాక్యానికి ప్రాణమైన మాటలే అవుతాయి. అందుకని ఈ శాతాలను పిల్లల ముందు బహుమతిలా ఊపడం నాకు నచ్చదు. ఆ లెక్కను పక్కనపెట్టి పద్ధతిని మాత్రం తీసుకుంటే నష్టం లేదు.

మూడో దారి మదీనా పుస్తకాలది. తమిళనాడు వాణియంబాడికి చెందిన డాక్టర్ వి. అబ్దుర్ రహీం మదీనా ఇస్లామిక్ యూనివర్సిటీలో పరదేశీ విద్యార్థుల కోసం రాసిన మూడు భాగాలివి. ఇది ఇల్లు, అది మసీదు అంటూ వస్తువును చూపి మాట చెబుతాయి. ధాతువు ఊసు చాలా పేజీల దాకా రాదు. వచ్చేసరికి చేతిలో మాటలుంటాయి. పద్ధతి రీత్యా మూడింట్లో నాకు సబబుగా తోచేది ఇదే. కాకపోతే రాసింది కాలేజీ వయసు వాళ్లకు. పదేళ్లలోపు పిల్లలకు మొదటి భాగమే బరువు, అందులో ఖుర్ఆన్ మాటలు చేతికందేసరికి చాలా ఆలస్యమవుతుంది.

ఇక నాలుగోది, ఇళ్లలో అన్నిటికన్నా ఎక్కువగా నడిచేది, ధాతువు కథలు. ఇందులో అందరికీ ముద్దొచ్చే ఉదాహరణ జ-న-న. దాగి ఉండడం, కప్పడం. కంటికి కనబడని జిన్, చెట్లు కమ్ముకున్న జన్నత్, కడుపులో దాగిన జనీన్, మతి కప్పుకుపోయిన మజ్నూన్. లైలా మజ్ను సినిమా చూసిన పిల్లకు ఇది చెబితే కళ్లు మెరుస్తాయి. ఆ మెరుపుకు నేను వ్యతిరేకిని కాను. కానీ మరుసటి వారం అదే పిల్ల అ-జ-బ దగ్గర ఆగుతుంది. అజాబ్ అంటే శిక్ష, అజ్బ్ అంటే తియ్యని నీరు. రెండూ ఖుర్ఆన్‌లోనివే, రెండింటికీ అవే మూడక్షరాలు. శిక్షకూ తీపికీ చుట్టరికం ఎలా కలుపుతాం? కలిపేవాళ్లున్నారు, పెద్ద పెద్ద కథలల్లి మరీ. 10వ శతాబ్దంలో ప్రతి ధాతువుకూ మూలార్థం వెతకడానికే ‘మఖాయీస్’ రాసిన ఇబ్న్ ఫారిస్ కూడా ఎన్నో ధాతువులకు రెండు మూడు వేర్వేరు మూలార్థాలున్నాయని ఒప్పుకున్నాడు. ఆయనకు లేని పట్టుదల మనకెందుకు? ధాతువు బట్టి అర్థం ఊహించి, ఆ ఊహను ఆయత్ మీద రుద్దడం తఫ్సీర్ (వ్యాఖ్యానం) కాదని పిల్లలకు మొదట్లోనే చెప్పాలి. ఊహించు, తరవాత పెద్దల తర్జుమా తెరిచి సరిచూసుకో, అంతే.

మనస్తత్వ శాస్త్రం వైపు నుంచి కూడా ఒక మాట ఉంది. సామీ బుదలా, విలియం మార్స్‌లెన్-విల్సన్ అరబ్బీ మాతృభాషగా ఉన్నవాళ్ల మీద చేసిన ప్రయోగాల్లో, ఒక మాట కనబడ్డాక అదే ధాతువున్న మరో మాటను మెదడు త్వరగా గుర్తుపడుతుందని తేలింది. అర్థాలు పొంతన కుదరకపోయినా సరే. ధాతువు అనేది వ్యాకరణవేత్తల కాగితపు కల్పన కాదు, అరబ్బుల మెదడులో నిజంగా పనిచేసే ముక్క అని దీని సారం. దీన్ని పట్టుకుని, చూశారా, ధాతువులే నేర్పాలి అనేవాళ్లున్నారు. వాళ్లు మరిచేది ఏమిటంటే ఆ మెదళ్లకు ధాతువులు ఎవరూ నేర్పలేదు. వేలసార్లు మాటలు వినగా వినగా అవే కూడుకున్నాయి.

ఇప్పుడు ఫాతిహా తెరుద్దాం. రోజుకు అయిదుపూటలా ఫర్జ్ నమాజుల్లోనే పదిహేడు రకాతులు, ప్రతి రకాతులో ఈ సూరా. పిల్లకు నోటికి వచ్చిన మొదటి అరబ్బీ ఇది. ఇందులో ‘నఅబుదు’ సులువు, ముందున్న న తీస్తే అ-బ-ద, అబ్దుల్లాలోని అబ్ద్. కానీ పక్కనే ‘నస్తఈన్’. ఇందులో ధాతువు అ-వ-న. వ ఎక్కడుంది? లేదు, ఈ అయి కూర్చుంది. ‘ఇహ్‌ది’లో ధాతువు హ-ద-య, చివరి అక్షరం రాలిపోయింది. ‘ముస్తఖీమ్’లో ఖ-వ-మ, ముందు ‘ముస్త’ తగిలింది, నడుమ వ మళ్లీ ఈ అయింది. వీటిని సర్ఫ్‌లో ముఅతల్, అంటే జబ్బుపడ్డ అక్షరాలున్న ధాతువులంటారు. పుస్తకాలు వీటిని చివరికి నెట్టేస్తాయి, క-త-బ లాంటి ఆరోగ్యవంతులతో మొదలుపెడతాయి. ఖుర్ఆన్ మాత్రం అలా నెట్టదు. క-త-బ రూపాలు అందులో మూడువందల చిల్లర వస్తే, ‘ఖాల’ (అన్నాడు) పుట్టిన ఖ-వ-ల రూపాలు పదిహేడువందలు దాటాయి. ఆరోగ్యమైన ధాతువులతో అట్టముక్కలు నింపిన ఇంట్లో పిల్ల ఖుర్ఆన్ తెరిచిన మొదటి పేజీలోనే బోల్తా పడేది ఇందుకే.

మరి ‘ముస్తఖీమ్’ను తొమ్మిదేళ్ల పిల్లకు ఎలా చెప్పాలి? సూత్రం చెప్పొద్దు. తెలిసిన మాటలు అడగాలి. నమాజుకు ముందు ఏం చదువుతారు? ఇఖామత్. నమాజులో నిలబడేదాన్ని ఏమంటారు? ఖియామ్. అందరూ లేచి నిలబడే రోజు? ఖియామత్. ఇక్కడిదాకా ఏ ఉర్దూ ఇంట్లోనైనా వస్తుంది. తెలుగు పిల్లకు ఇంకో రెండు ఉన్నాయి. ‘పెళ్లి ఖాయమైంది’లో ఖాయం, ‘ఊళ్లో మకాం వేశారు’లో మకాం. ఇవన్నీ అరబ్బీ లిపిలో కాగితం మీద కిందామీదా రాసి, అన్నింట్లోనూ మారకుండా ఉన్న అక్షరాలకు గీత గీయమంటే ఖాఫ్, మీమ్ దొరుకుతాయి. నడుమ అక్షరం ఒకచోట అలిఫ్, ఒకచోట యా. ‘ఇది దొంగ అక్షరం అమ్మీ, వేషం మారుస్తోంది’ అని పిల్ల తానే అంటుంది. అప్పుడు దాని అసలు పేరు వావ్ అని చెబితే చాలు. ధాతువు అక్కడ పుట్టింది, పాఠంలో కాదు.

తెలుగు లాభం చాలామంది గమనించనిది. అమ్మాబాబులు ఉర్దూ మాట్లాడే ఇంట్లో ఇల్మ్, ఆలిమ్, మాలూమ్, తాలీమ్ పుట్టుకతోనే వస్తాయి. ఇంటిభాష తెలుగే అయిన దూదేకుల, నూర్‌బాషా కుటుంబాల పిల్లలు, కోస్తా పల్లెల ముస్లిం పిల్లలు వీటికి దూరమని ఒక అభిప్రాయం. సగమే నిజం. నిజాం, నవాబుల కచేరీలు తెలుగులో వదిలిపోయిన మాటలు చిన్నవి కావు. మంజూరు, మామూలు, మహసూలు మూడూ మఫ్ఊల్ వజన్ మీదివే. హాజరు, జామీను, వారసు, ఖాయం ఫాఇల్ వజన్ మీదివి. దావా వేయడం, దావత్ ఇవ్వడం, దువా చేయడం, మూడింట్లోనూ పిలవడం, అడగడం అన్న ఒకే ధాతువు. ఎమ్మార్వో ఆఫీసు కాగితం ఒకటి చేతికిచ్చి అరబ్బీ మాటలు ఏరమనండి, పిల్లకు పండగే. అయితే అర్థాల దగ్గర ఈ మాటల్ని నమ్మకూడదు. అరబ్బీలో ముద్దయీ అంటే దావా వేసినవాడు, మన కోర్టులో ముద్దాయి బోనెక్కాడు. గరీబు మనకు పేదవాడు, అరబ్బీలో ఊరుగానివాడు, వింతవాడు. సూర్యుడు కనుమరుగయ్యే మగ్రిబ్ ఆ ధాతువుదే. తెలుగు మాటలు వజన్ గుర్తుపట్టడానికి పనికొస్తాయి, అర్థం చెప్పడానికి కాదు.

తెలుగు లిపి మాత్రం ఇక్కడ శత్రువే. జమా, జకాత్, అజాన్, జప్తు, నజర్. మనం అయిదింట్లోనూ జ రాస్తాం. అరబ్బీలో అవి వరసగా జీమ్, జా, జాల్, జాద్, జా అన్న అయిదు వేర్వేరు అక్షరాలు. రెండు ‘జా’లు కూడా ఒకటి కావు, తెలుగులో రాస్తే అలా కనబడుతున్నాయి. ఇంకా ముదిరిన ఉదాహరణ ‘అలీమ్’. అల్లాహ్ గుణనామాల్లోని అలీమ్ అంటే సర్వం తెలిసినవాడు, ఐన్‌తో మొదలవుతుంది. ‘అజాబున్ అలీమ్’లోని అలీమ్ అంటే బాధపెట్టేది, హమ్జాతో మొదలవుతుంది. మనం తెలుగులో ఇల్మ్ ధాతువు అ-ల-మ అని అట్టముక్క మీద రాశామంటే, పిల్ల రెండోదాన్ని కూడా జ్ఞానం కింద జమకట్టేస్తుంది, తప్పు తనది కాదు. ఉర్దూ నాలుక కూడా ఈ రెంటినీ ఒకేలా పలుకుతుంది కనక అక్కడా తప్పదు. ఖాయిదాలో మఖారిజ్ (అక్షరాలు పలికే చోట్లు) కోసం పడ్డ కష్టం, నిజానికి, ధాతువుల దగ్గర అక్కరకొస్తుంది. అర్థాలు తెలుగులో రాయొచ్చు, వివరణ తెలుగులోనే ఇవ్వాలి, ధాతువును మాత్రం అరబ్బీ లిపిలో తప్ప రాయకూడదు. వాట్సాప్‌లో తిరిగే తెలుగు ధాతు పట్టికలు చాలావరకు ఇక్కడే చెడిపోయాయి.

వయసు సంగతి తేల్చడం కష్టమేమీ కాదు. ఆరు, ఏడేళ్లప్పుడు నమాజు మాటల అర్థాలు, చేతివేళ్ల ఆట చాలు. ధాతువన్న పేరే ఎత్తక్కర్లేదు. పేర్లు మాత్రం ఎత్తొచ్చు. ఇంట్లో అహ్మద్, హమీద్, మహమూద్ ఉంటే అల్‌హమ్దు వాళ్లందరి ఇంటిపేరని పిల్లలే కనిపెడతారు. తొమ్మిది, పదేళ్లకు, వందో నూటయాభయ్యో మాటలు వచ్చాక, వాటిని ధాతువుల కింద చేర్చడం మొదలుపెట్టాలి. వారానికి ఒకటి చాలు. ఖుర్ఆన్ మొత్తంలో ధాతువులు సుమారు 1,650. అన్నీ ఇంట్లోనే పూర్తి చేయాలన్న పట్టింపు ఎవరికీ ఉండక్కర్లేదు. అనుమానం వస్తే లీడ్స్ యూనివర్సిటీలో తయారైన ఖుర్ఆన్ కార్పస్ ప్రతి మాటకూ ధాతువు, రూపం విడదీసి చూపిస్తుంది, ఉచితం. దాన్ని వాడాల్సింది తల్లిదండ్రులు. పిల్ల చేతికిస్తే వెతకడం అన్న పని పోతుంది, మిగిలేది చూసి రాయడం.

గల్ఫ్‌లో ఉన్న తెలుగు కుటుంబాలది కొంచెం వేరే కథ. ఎమిరేట్స్ బళ్లలో అరబ్బీ తప్పనిసరి కనక మాటలు బడిలోనే వస్తాయి, వీధి భాష వేరుగా ఉన్నా. వాళ్లకు ఇంట్లో చేయాల్సింది ఆ మాటల్ని ఖుర్ఆన్ మాటలతో కలపడమే. మనకన్నా వాళ్లకే ధాతువులు ముందుగా, హాయిగా పట్టుబడతాయి.

ఇక్కడి పిల్లలకు ఇప్పుడు లేనిది ఒక పుస్తకం. తెలుగులో తర్జుమాలున్నాయి, 20వ శతాబ్దపు తొలి దశకాల్లోనే చిలుకూరి నారాయణరావు ఖుర్ఆన్‌ను తెలుగులోకి తెచ్చారు. తఫ్సీర్లున్నాయి, నమాజు పుస్తకాలున్నాయి. పదేళ్ల పిల్లకు ఫాతిహా నుంచి అమ్మపారా చివరిదాకా మాటలను అరబ్బీ లిపిలో ఇచ్చి, పక్కన తెలుగు అర్థం, కింద ఆ ధాతువుకు తెలుగులోనూ ఉర్దూలోనూ ఉన్న చుట్టాలు, అర్థం మారినచోట మారిందని హెచ్చరిక, ధాతువు తానే గీత గీసుకోవడానికి ఖాళీ జాగా ఇచ్చే పుస్తకం నాకు కనబడలేదు. సర్ఫ్ వచ్చిన ఒక ఆలిమ్, బడిలో తెలుగు చెప్పే ఒక టీచరు కలిసి కూర్చుంటే ఏడాది పని. ఆ ఖాళీ జాగా మాత్రం వదలాలి. సమాధానాలు అచ్చేస్తే అది మళ్లీ గర్దానే.